కొలత తెలియని బలము

ధ్యానభాగము: 1 సమూయేలు 17:38–40, 18:10–11



ఏలా లోయలో ఫిలిష్తీయుని యెదుటికి పోవ సిద్ధపడిన దావీదునకు సౌలు రాజు తన యుద్ధవస్త్రములను తొడిగించి, తన శిరస్త్రాణమును తలకు పెట్టించెను. ఈ సంగతిని మనమందరము చిన్ననాడు సండేస్కూలులోనే విన్నవారము. అయితే ఒక్క విషయము మన దృష్టికి అంతగా రాదు. ఇక్కడ సౌలు చేసిన పనిలో దురుద్దేశమేమియు లేదు. ఆ కవచము మంచిదే. ఇనుప ఆయుధములు ఇశ్రాయేలీయుల చేతిలో లేని ఆ దినములలో (1 సమూయేలు 13:22) రాజు తన సొంత ఆయుధములను ఒక గొఱ్ఱెల కాపరికి ఇచ్చుట చిన్న సంగతి కాదు. దావీదు వాటిని ధరించుకొని నడువ ప్రయత్నించెను గూడ. అవి అతని ఒంటిమీదికి ఎక్కెను గాని అతనికి తగలేదు. ఒంటిమీదికి ఎక్కుట వేరు, తగియుండుట వేరు.

ఈ భేదమును నేను తల నెరసిన తరువాత, మా మందిరములోని ఒక కీబోర్డు మూలముగా నేర్చుకొంటిని. ఆ సంగతిని సిగ్గుతోనే మీ యెదుట పెట్టుచున్నాను.

ఆ సాయంకాలము జరిగినది

మా సత్యవేడు సంఘములో పూర్వము హార్మోనియము, తబలా, తాళములు ఉండెడివి. హార్మోనియమునకు చేతి గాలి చాలును. కరెంటు పోయినను పాట ఆగదు. తరువాత కీబోర్డు వచ్చెను, గిటారు వచ్చెను, పాటలను గోడమీద చూపుటకు ల్యాప్‌టాపు వచ్చెను. వీటి వెంట ఒక్కొక్కదానికి ఒక్కొక్క అడాప్టరు చొప్పున నల్లని తీగల కట్టయు వచ్చెను.

2023 డిసెంబరు 24వ తేది, ఆదివారము సాయంకాలము. చెన్నై నుండియు తిరుపతి నుండియు బిడ్డలు పండుగకు ఇండ్లు చేరియుండిరి. మందిరము నిండియుండెను. ఇంటర్మీడియటు చదువుచున్న ఒక అబ్బాయి మాకు కీబోర్డు వాయించును. అతనికి ఎవరును నేర్పలేదు. చెవితో విని వ్రేళ్లతో పట్టుకొన్న విద్య అది. అతడు కీబోర్డు పెట్టె తెరచి, అందులోనున్న అడాప్టరు తీసి, మూతిని రంధ్రములో పెట్టి, స్విచ్చి వేసెను. చిన్న చప్పుడొకటి వినబడెను. కీబోర్డు దీపము ఒక్కమారు వెలిగి ఆరిపోయెను. వెంటనే మాడిన వాసన వచ్చెను.

నేను సంఘపు కోశాధికారిని. ఆ కీబోర్డు కొరకు చందాలు కూర్చినవాడను. ముందు వరుసనుండి లేచి, నిండు సభలో అరచితిని.

“కళ్లు నెత్తికెక్కినాయా? సంఘం సొమ్మంటే అంత అలుసా? చేతగాకపోతే ముట్టుకోవద్దని చెప్పలేదా?”

“పెట్టెలో ఉండేదే పెట్టినానయ్యా,” అని అతడు మెల్లగా చెప్పెను.

“ఎదురు మాట్లాడొద్దు!” అంటిని.

ఆ రాత్రి తాళములతోనే పాడితిమి. అబ్బాయి ఎప్పుడు వెళ్లెనో ఎవరును చూడలేదు. మరునాడు క్రిస్మసు ఆరాధనకు అతడు రాలేదు.

పండుగలైన తరువాత నేను ఆ కీబోర్డును, దానితో మాడిన అడాప్టరును తీసికొని, ఊత్తుకోట మీదుగా చెన్నై పోయి, రిచీ వీధిలో ఒక మరమ్మతు పనివానికి చూపితిని. అతడు కీబోర్డును ముట్టలేదు. ముందుగా అడాప్టరును అడిగి తీసికొని, వెనుకకు త్రిప్పి, అందు మీది సన్నని అక్షరములను నా కన్నులయెదుట పట్టెను. అందులో 19 వోల్టులు అని యుండెను. తరువాత కీబోర్డు వెనుక నున్న అక్షరములను చూపెను. అక్కడ 12 వోల్టులు అని యుండెను. మూత విప్పి, లోపల ఉబ్బిపోయిన ఒక కెపాసిటరును వ్రేలితో చూపుచు, “ఇది 16 వోల్టుల దాకానే ఓర్చుకుంటుంది సార్. మీరు 19 తోసినారు. అది మాత్రం ఏం చేస్తుంది?” అనెను.

నేను అతని మాట వినుచునే ఆ అడాప్టరు తీగవైపు చూచితిని. తీగమీద ఒకచోట నల్ల టేపు చుట్టియుండెను. ఆ టేపు చుట్టినవాడను నేనే. అది ల్యాప్‌టాపు చార్జరు. పోకుండునట్లు దానిని కీబోర్డు పెట్టెలో దాచినవాడను నేను. స్థలము చాలక కీబోర్డు అడాప్టరును తీసి బీరువాలో పెట్టినవాడనును నేనే. పెట్టెలో ఉండేదే పెట్టితినని ఆ బిడ్డ చెప్పిన మాట సత్యము.

తిరుగు బస్సులో నాకు జ్ఞాపకము వచ్చిన లేఖనము సౌలు కవచము గాదు, దాని తరువాతి అధ్యాయము. దావీదు సితారా వాయించుచుండగా సౌలు చేతిలో ఈటె యుండెను. వాయించువాని మీదికి రాజు ఆ ఈటెను విసరెను. మొదట తగని కవచమును తొడిగించినవాడే తరువాత ఈటెను విసరెను. నేను ఈ రెండును ఒక్క పెట్టెతో, ఒక్క సాయంకాలమున చేసితిని.

ప్రియులారా, ఆ పనివాడు ఆ దినమున నాకు మూడు సంగతులు నేర్పెను. వాటిని దేవుని వాక్యపు వెలుగులో చూతము.

1. దూరినదెల్ల తగినది కాదు

మన గోడలోని కరెంటు 230 వోల్టుల బలము గలది. సెకనుకు 50 ఆవృత్తములుగా అటునిటు ఊగునది. కీబోర్డునకు కావలసినది తక్కువ వోల్టుల, ఒకే దిశగా పారు కరెంటు. ఈ రెంటికిని మధ్య నిలిచి, దానిని దీనికి తగినట్లు మార్చి యిచ్చునదే అడాప్టరు.

చిక్కేమనగా, అడాప్టర్ల మూతులన్నియు అన్నదమ్ములవలె నుండును. వెలుపలి కొలత అనేకములకు 5.5 మిల్లీమీటర్లే. లోపలి రంధ్రము కొన్నిటికి 2.1, మరికొన్నిటికి 2.5 మిల్లీమీటర్లు. పెద్ద రంధ్రము గల మూతి చిన్న ముల్లుమీదికి సులువుగా దూరును. చేతికి ఏ అడ్డును తగలదు. కాబట్టి చేయి సరియేయని చెప్పును, అక్షరములు కాదని చెప్పుచుండును. నిజము చెప్పునది అక్షరములే.

అమెరికాలో గోడ కరెంటు 120 వోల్టులు. అక్కడనున్న మన బిడ్డలు ప్రేమతో వాద్యమును తెత్తురు. దాని అడాప్టరు మీద 120 అని మాత్రమే వ్రాసియున్న యెడల, మన గోడలో పెట్టినంతనే అది మాడిపోవచ్చును. 100 నుండి 240 వరకు అని వ్రాసియున్నచో రెండు దేశములలోను పనిచేయును. తెచ్చినవారి ప్రేమ యథార్థమైనదే. అయినను ప్రేమ అక్షరములు చదువుటకు బదులు కాజాలదు.

సౌలు కవచము విషయమును అట్టిదే. రాజునకు తగినది గనుక కాపరికిని తగునని సౌలు తలంచెను. దావీదునకు తగినవి ఏటి ఒడ్డున నుండెను. అవి అయిదు నున్నని రాళ్లు. ఇక్కడ సౌలును గూర్చి ఒక మంచి మాట చెప్పవలెను. ఇవి నాకు అలవాటు లేదని దావీదు చెప్పి తీసివేసినప్పుడు ఆయన కోపపడినట్లు లేఖనము చెప్పదు. మన పిల్లలు, “నాన్నా, ఈ చదువు నాకు రాదు” అని చెప్పినప్పుడు మనము ఆపాటి ఓర్పైనను చూపుచున్నామా? అన్నకు తగిన చదువు తమ్మునికిని తగునని, ఇరుగింటివాని కుమారుడు ఇంజనీరాయెను గనుక మనవాడును కావలెనని, కాలేజీలో దూర్చుచున్నాము. సీటు దొరికినది గనుక సరిపోయినదని యెంచుచున్నాము. సీటు దొరకుట రంధ్రములో దూరుట మాత్రమే. బిడ్డమీద సృష్టికర్త ఏమి వ్రాసియున్నాడో చదివితిమా?

2. బలము వేరు, నిల్వ వేరు

అడాప్టరు మీద రెండు అంకెలు ముఖ్యముగా నుండును. ఒకటి వోల్టు, రెండవది ఆంపియరు. వోల్టు అనగా కరెంటును వెనుకనుండి తోయు బలము. ఆంపియరు అంకె ఆ అడాప్టరు ఎంత కరెంటును ఇయ్యగలదో ఆ నిల్వను తెలుపును. వోల్టులు సరిగా సమానముగా నుండవలెను. ఎక్కువైన యెడల వాద్యము మాడును. ఆంపియర్లు వాద్యము కోరినంత గాని అంతకు ఎక్కువ గాని యుండవచ్చును. ఎక్కువ యున్నను కీడు లేదు, ఏలయనగా వాద్యము తనకు కావలసినంతే తీసికొనును. తక్కువైనచో అడాప్టరు వేడెక్కును; వాల్యూము పెంచినప్పుడు పాట మధ్యలో కీబోర్డు ఆగిపోవచ్చును.

ప్రియులారా, దేవుని కృప ఆ రెండవ అంకె వంటిది. ఆ నిల్వకు అంతము లేదు, అయినను అది ఎవనిని మాడ్చదు. ఎలీషా కాలమందలి విధవరాలి నూనెను జ్ఞాపకము చేసికొనుడి (2 రాజులు 4:1–7). పాత్రలున్నంతవరకు నూనె పారెను. పాత్రలు ముగిసినప్పుడు నిలిచెను. ఏ పాత్రయు పగులలేదు.

మన గద్దింపు అట్లుగాక మొదటి అంకె వంటిది. అది తోయు బలము. దానికి కొలత కావలెను. యాకోబు తన అన్నయగు ఏశావుతో కలిసి నడువవలసి వచ్చినప్పుడు (ఆదికాండము 33:13–14), తన వెంట పసిబిడ్డలును పాలిచ్చు పశువులును ఉన్నందున, ఒక్క దినము మితిమీరి తోలినను నష్టమగునని యెరిగి, వారి నడకను బట్టి మెల్లగా వచ్చెదనని చెప్పెను. ఏశావు నడక చెడ్డది కాదు, పసివారికి తగినది కాదు, అంతే. మన ప్రభువును చూడుడి. శిష్యులకు చెప్పవలసినవి ఇంకను అనేకము లుండగా, వారు అప్పుడు భరింపలేరని యెరిగి ఆయన నిలుపుకొనెను (యోహాను 16:12). సత్యమంతయు తనయొద్ద నున్నవాడు కొలత చూచి చెప్పెను. కొంచెము సత్యము కూడ లేని నేను ఆ సాయంకాలము కొలత చూడక అరచితిని.

పేతురు విషయమును చూడుడి. నిప్పులయొద్ద నిలిచి ముమ్మారు బొంకినవానితో ప్రభువు మరల నిప్పులయొద్దనే మాటలాడెను. మొదట భోజనము పెట్టెను, తరువాత ప్రశ్న అడిగెను (యోహాను 21:9–17). పేతురు నొచ్చుకొనెను, నిజమే, గాని మాడిపోలేదు. ఆ ప్రశ్నలలో అతనికి తగినంత బలమే యుండెను.

3. మధ్య నున్నది ఏది?

అడాప్టరు మీద వోల్టుల ప్రక్కన ఒక చిన్న బొమ్మ యుండును. మధ్యనొక చుక్క, దానిచుట్టు అరవృత్తము, ఇరుప్రక్కల కూడిక గుర్తును తీసివేత గుర్తును. మూతి మధ్యభాగము ధన ధ్రువమా, ఋణ ధ్రువమా అని అది తెలుపును. యమహా వారి 12 వోల్టుల కీబోర్డులలో మధ్యభాగము ధనము. గిటారుకు వాడు బాస్ వారి 9 వోల్టుల పెడల్సులో మధ్యభాగము ఋణము. కాసియో వారి పాత కీబోర్డులలో అనేకము 9 వోల్టులు, మధ్య ఋణము; తరువాతి వాటిలో అనేకము 9.5 వోల్టులు, మధ్య ధనము. అనగా ఒకే కంపెనీ వస్తువులలోనే దిశ మారియుండవచ్చును. వోల్టులు సరిపోయినను దిశ తలక్రిందులైనచో వాద్యము పలుకదు. లోపల కాపుదలకు డయోడు గాని ఫ్యూజు గాని యున్నచో, అది తాను చచ్చియైనను తక్కినదానిని కాపాడవచ్చును. లేనిచో లోపలి భాగములే పాడగును.

కొలత సరియైనను మధ్య నుండవలసినది వెలుపలికిని, వెలుపల నుండవలసినది మధ్యకును వచ్చినచో అంతయు చెడును. సౌలు బ్రదుకు ఇట్టిదే. ఆయనకు బలమున్నది, అభిషేకమున్నది. అయితే స్త్రీలు పాడిన పాటలో దావీదు పేరు తన పేరు కంటె పెద్దదిగా వినబడిన దినము నుండి (1 సమూయేలు 18:7–9) ఆయన మధ్యస్థానములో సొంత ఘనత కూర్చుండెను. ఆ తరువాత సితారా పాట వినబడినను ఆయన చేయి ఈటెమీదనే యుండెను.

నా సంగతి చెప్పుదును. ఆ సాయంకాలము సంఘపు సొమ్మును గూర్చి అరచుచున్నానని తలంచితిని. నిజముగా నా హృదయపు మధ్యభాగమున నున్నది సంఘము కాదు, నేను కూర్చిన చందాలు, నా లెక్కలు, నా పేరు. ఆరాధన చుట్టునున్న అరవృత్తముగా మిగిలెను. ప్రియులారా, ఎవరినైనను గద్దింపకముందు ఈ చిన్న బొమ్మను మీ హృదయముమీద చూచుకొనుడి. మధ్య నున్నది ఏది?

సరిచేయు మార్గము

నేను ఊరు చేరిన సాయంకాలమే ఆ బిడ్డ యింటికి పోతిని. తల్లి కుర్చీ వేసెను. “అమ్మా, తప్పు నాది. ఆ చార్జరు పెట్టెలో పెట్టింది నేనే,” అంటిని. ఆమె కొంతసేపు ఊరకుండి, “వాడు పండగ నాడు అన్నం కూడా తినలేదయ్యా,” అనెను. అబ్బాయి తల యెత్తలేదు. “పర్వాలేదయ్యా,” అని మాత్రము పలికెను. పర్వాలేదని చెప్పుట పెద్దలయెడల వానికున్న మర్యాద. అది గాయము మానినదనుటకు గురుతు కాదు.

మా పాస్టరయ్యగారు నాకు రెండు లేఖనములు చూపిరి. మొదటిది మత్తయి 5:23–24. సహోదరునికి మనమీద నేరమున్న యెడల అర్పణమును బలిపీఠమునొద్ద విడిచి మొదట సమాధానపడవలెను. రెండవది లేవీయకాండము 6:5. నష్టపరచినవాడు నష్టమును పూర్తిగా చెల్లించి దానిపైన అయిదవ వంతు కలుపవలెను. నిందించినది సభలో గనుక క్షమాపణయు సభలోనే చెప్పవలెనని ఆయన తీర్పు. ఆ ఆదివారము నేను లేచి నిలువబడి, జరిగినదంతయు చెప్పితిని. మరమ్మతు ఖర్చు నేనే భరించి, పైన అయిదవ వంతు కలిపి యిచ్చితిని. ఆ అయిదవ వంతుతో కీబోర్డుకు సరియైన అడాప్టరు ఇంకొకటి కొంటిమి.

ఆ కీబోర్డు ఎనిమిది దినములలో బాగుపడి వచ్చెను. ఆ బిడ్డ మాత్రము దానిని ముట్టలేదు. మందిరమునకు వచ్చి వెనుక వరుసలో కూర్చుండి, ఆశీర్వాదము కాగానే వెళ్లిపోవుచుండెను. జనవరి గడచెను, ఫిబ్రవరి గడచెను, శ్రమదినములు వచ్చెను. కెపాసిటరును మార్చుటకు అంగడిలో క్రొత్తది దొరకును. బిడ్డ మనస్సునకు మారుది ఏ అంగడిలోను దొరకదు.

కాబట్టి పెద్దలారా, తలిదండ్రులారా, వినుడి. మన ప్రాంతమున యౌవనులు అనేకులు శ్రీసిటీ కర్మాగారములలో రాత్రి షిఫ్టు చేసి, ఉదయమున నిద్రకన్నులతో ఆరాధనకు వచ్చుచున్నారు. ఆలస్యముగా వచ్చినవానిని గుమ్మమునొద్దనే గద్దింపకముందు, అతడు ఆ రాత్రి ఎంత భారము మోసివచ్చెనో అడుగుడి. యౌవనులారా, మీరును దావీదువలె నుండుడి. తగనిదానిని మర్యాదతో తగదని చెప్పుడి. స్విచ్చి వేయకముందు అక్షరములు చదువుడి. చిన్నవారు చదివి తప్పు చూపినచో పెద్దలు సంతోషింపవలెను.

ఒక మధ్యవర్తి

చివరి మాట. సీనాయి కొండయొద్ద దేవుని స్వరము విన్న ప్రజలు వణకి, నీవే మాతో మాటలాడుమని మోషేను బతిమాలుకొనిరి (నిర్గమకాండము 20:18–19). గోడలోని బలము నేరుగా వచ్చినచో ఏ వాద్యము నిలుచును? పరిశుద్ధుడగు దేవునికిని నరులకును మధ్యవర్తి ఒక్కడే (1 తిమోతి 2:5). ఆయన మన రక్తమాంసములలో పాలివాడై, మనకు తగినవాడుగా వచ్చెను. తీర్పు బలమంతయు తానే సిలువమీద భరించి, మనకు మాత్రము మనము ఓర్చుకొనదగినంత కొలిచి యిచ్చుచున్నాడు. చేతికి దొరికిన ఇతర మధ్యవర్తులు, ధనము గాని పలుకుబడి గాని, రంధ్రములో దూరవచ్చును. వాటితో మన జీవవాద్యము పలుకదు.

2024 మార్చి 30వ తేది, ఈస్టరు ముందటి శనివారము, నేను మందిరములో ఆ తీగల కట్టను ముందు వేసికొని, ఒక్కొక్కదానికి పేరు వ్రాయ ప్రయత్నించుచుంటిని. అక్షరములు సన్ననివి, నా కన్నులకు ఆనలేదు. వెనుకనుండి ఒక చేయి వచ్చి అడాప్టరును తీసికొనెను. “ఇది 9 అయ్యా. మధ్యలో మైనస్. గిటార్ పెడల్‌ది,” అని ఆ అబ్బాయి చదివెను. నేను పట్టీలు కత్తిరించితిని, అతడు వ్రాసి అంటించెను. అన్నియు ముగిసిన తరువాత, 12 అని తాను వ్రాసినదానిని తీసి, కీబోర్డు వెనుక అక్షరములతో సరిచూచి, పెట్టి, స్విచ్చి వేసెను. దీపము వెలిగెను. ఒక్క మీట నొక్కెను. నేనేమియు మాటలాడలేదు. ఆ దినమున నేను చేసిన మంచి పని ఆ ఒక్కటియే.

మరునాడు పునరుత్థాన ఆరాధనలో అతడు వాయించెను.

ప్రార్థన: మమ్మును నిర్మించిన ప్రభువా, మాలో ప్రతివాని కొలత నీవెరుగుదువు. పరుల మీద మేము మోపిన తగని భారములను, విసరిన మాటల ఈటెలను క్షమించుము. గద్దింపకముందు చదువు కన్నులను, తప్పు చేసినప్పుడు సభలో నిలిచి ఒప్పుకొను ధైర్యమును మాకు దయచేయుము. మా చేతుల వలన మౌనము వహించిన వాద్యములన్నిటిని నీ కృపచేత మరల పలికించుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.